హాల్లో ఆడిన ఆటా, ఫోన్లో ఆడిన ఆటా ఒకటేనా?

ఈ నెల విశాఖ ఉత్తరాలన్నీ బ్రిడ్జి అనే పేకాట చుట్టూనే తిరిగాయి, అందుకని క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టాలి. బ్రిడ్జి తెలియని వాళ్లకి రెండు ముక్కలు. నలుగురు, రెండు జట్లు, తలా 13 ముక్కలు. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు. ఇన్ని పట్లు చేస్తామని ముందే పాడిన జట్టు ఆ మాట నిలబెట్టుకోవాలి, ఎదుటి జట్టు, అంటే డిఫెండర్లు, అడ్డుకోవాలి. క్లబ్బుల్లో ఆడేది డూప్లికేట్ పద్ధతి, అంటే పంచిన ముక్కలు చెదరకుండా బోర్డు అనే పలకలో పెట్టి ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి పంపుతారు, మీకు వచ్చిన ముక్కలే పక్క టేబుల్ వాళ్లకీ వస్తాయి. అవే ముక్కలతో ఎవరు ఎక్కువ రాబట్టారన్న పోలికే స్కోరు, దాన్ని పర్సంటేజీగా రాస్తారు. 50 అంటే సగటు.

ప్రశ్న: మాది విశాఖలో చిన్న బ్రిడ్జి క్లబ్బు. బుధవారం సాయంత్రం హాల్లో ఆడతాం, ఆరు టేబుళ్లు పడతాయి. కరోనా టైములో మొదలుపెట్టిన ఆన్‌లైన్ ఆట ఆదివారం రాత్రి తొమ్మిదికి ఇప్పటికీ నడుస్తోంది, అందులో మన ఊరివాళ్లతో పాటు హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయిన పాత సభ్యులు, అమెరికాలో పిల్లల దగ్గర ఉన్నవాళ్లూ కలుస్తారు, వాళ్లకి అప్పుడు పొద్దున. ఏడాది చివర ఉత్తమ ఆటగాడికి షీల్డు. దానికి రెండు చోట్లా ఆడినవి కలిపి ఒక్కొక్కరి బెస్ట్ 15 పర్సంటేజీలు తీసి సగటు కడతారు. నేను ఆన్‌లైన్ ఆడను. కళ్లు మండుతాయి, పైగా ముక్క చేత్తో పట్టుకోకపోతే నాకు ఆడినట్టే ఉండదు. షీల్డు ప్రతిసారీ ఆదివారం వాళ్లకే పోతోంది. మీటింగులో అడిగితే "ఏటి గురూగారూ, మీరూ ఆడండి, ఎవరొద్దన్నారు" అన్నారు. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేని ఒకాయన మాత్రం, కలపకపోతే నేను క్లబ్బే మానేస్తానన్నారు. ఎవరిది న్యాయం? (సీతమ్మధార నుంచి ఒక రిటైర్డ్ ఇంజినీరు)

జవాబు: మీదే న్యాయం, కాకపోతే మీరనుకున్న కారణానికి కాదండి. ఆన్‌లైన్ వాళ్లు ఫోన్లు చేసుకుని ముక్కలు చెప్పుకుంటారని మీ ఉత్తరంలో ఓ అరపేజీ ఉంది, అది ఇక్కడ వేయలేదు, దాని సంగతి తర్వాత. అందరూ సత్యహరిశ్చంద్రులే అనుకున్నా మీ షీల్డు లెక్క తప్పు.

చిక్కంతా బెస్ట్ 15 దగ్గరుంది. పండగలూ వానలూ పోను ఏడాదికి 40 బుధవారాలు ఆడారనుకుందాం, మీ దగ్గర 40 స్కోర్లుంటాయి. రెండు చోట్లా ఆడేవారికి 80. మీరిద్దరూ ఆటలో సరిసమానం, ఇద్దరి అసలు సగటూ 52, ఒకరోజుకీ ఇంకోరోజుకీ మామూలుగా ఓ 7 అటూ ఇటూ ఊగుతుంది అనుకుని లెక్క వేసి చూశాను. మీ బెస్ట్ 15 సగటు 59 దగ్గర తేలుతుంది, ఆయనది 62 దగ్గర. ఆటలో ఆవగింజంత తేడా లేకుండానే 3 శాతం ఆధిక్యం, చిన్న క్లబ్బులో షీల్డు చేతులు మారడానికి అందులో సగం చాలు. నలభై మామిడిపళ్లలోంచి పదిహేను ఏరుకున్నవాడికంటే ఎనభైలోంచి ఏరుకున్నవాడి బుట్ట బాగుండక ఏమవుతుంది, అందులో తోట గొప్పేముంది? "మీరూ ఆడండి" అన్న మాటకి జవాబు ఇదే. ఆడమంటున్నారంటేనే ఎక్కువసార్లు ఆడినవాళ్లకి లాభముందని ఒప్పుకున్నట్టు. అలాంటప్పుడు దాన్ని హాజరు బహుమతి అనండి, ఎవరికీ పేచీ ఉండదు.

రెండోది, ఎదుటివాళ్ల బలం. 58 శాతం వచ్చిందంటే ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లతో పోలిస్తే 58. ఆదివారం టేబుళ్లలో సగం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లే అయితే అక్కడ 58 తేలిక. బెంగళూరు నుంచి ఆడే పాత సభ్యులు గట్టివాళ్లయితే తిరగబడుతుంది, మీ బుధవారం 58 చవగ్గా వచ్చినట్టు. ఇది తేల్చుకోవడానికి వాదన అక్కర్లేదు, స్కోరు షీట్లు చాలు. రెండు చోట్లా ఒకే పార్ట్‌నర్‌తో ఆడే జంటల్ని ఏరండి, వాళ్ల సగటు బుధవారం ఎంత, ఆదివారం ఎంత అని పక్కపక్కన రాయండి. అందరికీ ఒకవైపే ఎక్కువ వస్తోందంటే ఆ గది తేలికన్నమాట. ఇద్దరు ముగ్గురి స్కోర్లు చూసి తీర్పు ఇచ్చేయకండి, ఏడాది షీట్లన్నీ తీయండి.

మూడోది చాలామంది పట్టించుకోరు, నాకైతే భలే ఇష్టమైన సంగతి. హాల్లో జరిగే తప్పులు కొన్ని ఆన్‌లైన్‌లో జరగనే జరగవు. ఆఠీను పట్టు నడుస్తుంటే చేతిలో ఆఠీను ఉంచుకుని ఇంకో రంగు వేసే వీల్లేదు, కంప్యూటర్ ఒప్పుకోదు. హాల్లో అదే పని చేస్తే సందర్భాన్ని బట్టి ఒకటో రెండో పట్లు ఎదుటివాళ్లకి సమర్పయామి. మే నెలలో విశాఖ ఉక్కపోత సంగతి మీకు చెప్పాలా, ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఇస్పేటు ఏడు వేయబోతే దాని వెనకాలే రాణి కూడా బోర్లా కాకుండా తిన్నగా టేబుల్ మీద పడుతుంది, ఆడేది డిఫెండరైతే పాపం ఆ రాణి పెనాల్టీ ముక్కై అందరికీ కనబడుతూ అక్కడే కూర్చుంటుంది. ఫోన్లో ఆ గొడవ లేదు. అక్కడ ఉండేది వేలు జారడం, మూడు నోట్రంప్ (ట్రంపు రంగు లేని పాట) నొక్కబోయి మూడు ఇస్పేట్లు నొక్కేయడం. ఇక పక్క టేబుల్ నుంచి "అయ్యో, స్లామ్ (పన్నెండో పదమూడో పట్ల పాట) పోయిందే!" అని వినబడడం, ఆ బోర్డే రెండు రౌండ్ల తర్వాత మీ దగ్గరికి రావడం హాల్లో మాత్రమే దొరికే వరం.

ఇప్పుడు మీ అరపేజీ. ఆన్‌లైన్‌లో మోసం సులువు, కాదనను. 2020లో పోటీలన్నీ కంప్యూటర్ మీదికి మారినప్పుడు పోలండ్‌కి చెందిన అగ్రశ్రేణి ఆటగాడు ఒకరు ఎదుటివాళ్ల ముక్కలు చూసి ఆడానని తనే బయటపెట్టారు. అలాగని హాలు పవిత్రమైనదని మాత్రం అనకండి. 1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పార్ట్‌నర్ల మధ్య తెర కట్టినా టేబుల్ కింద కాళ్లతో సైగలు చేశారని పెద్ద రభస అయింది. 2015లో బయటపడ్డ గొడవల్లో బోర్డును టేబుల్ మీద ఎక్కడ పెట్టారు, ముక్కను నిలువుగా వేశారా అడ్డంగా వేశారా అన్నవే సంకేతాలని తేలింది. అంత పెద్ద స్థాయి ఎందుకు, ఆ రంగులో ఒంటి ముక్కే ఉన్నా రెండున్నట్టు నుదురు రుద్దుకుని, ముక్క సగం పైకి లాగి, మళ్లీ లోపలికి తోసి, చివరికి దాన్నే వేసే మహానుభావుడు ప్రతి క్లబ్బులోనూ ఒకరుంటారు. అదీ నిబంధనలకి విరుద్ధమే. ఆన్‌లైన్‌లో ఆయన ఆలస్యం చేస్తే ఆలోచిస్తున్నాడో, నెట్ పోయిందో, కొరియర్ వాడు బెల్లు కొట్టాడో మీకు తెలియదు, కాబట్టి ఆ నటన అక్కడ పనికిరాదు. అందుకే మోసం మాట ఎత్తి ఈ తగువు గెలవాలని చూడకండి, ఎదుటివాళ్లకి కోపం రావడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

మోకాళ్ల నొప్పి ఆయన సంగతి. ఆయనకి ఆదివారం ఆట తీసేస్తే ఇక బ్రిడ్జే లేదు. కానీ ఆయన్ని ఆటలో ఉంచడానికి పర్సంటేజీలు కలపనక్కర్లేదు కదా, రెండు జాబితాలు పెట్టండి, రెండు షీల్డులు పెట్టండి, ఏ జాబితాకి ఆ జాబితాలోనే బెస్ట్ 15. ఆదివారం షీల్డు చిన్నదిగా, బుధవారం షీల్డు పెద్దదిగా చేయించారో మళ్లీ గొడవే, రెండూ ఒకే సైజులో ఉండాలి. మంచం మీంచి ఆడి గెలిచాడని ఎవరైనా వెటకారం చేస్తే అక్కడికక్కడే సెక్రటరీ గారు నోరు మూయించాలి, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

కలపడమంటూ కావాలంటే క్లబ్బు పాయింట్లు కలపండి. పైస్థానాల్లో వచ్చినవాళ్లకి టేబుళ్ల సంఖ్యను బట్టి ఇచ్చే పాయింట్లు ఏడాదంతా పోగవుతాయి, ఓడిపోతే తగ్గవు. ఎక్కువసార్లు ఆడితే ఎక్కువొస్తాయని అందరికీ తెలిసే ఆడతారు కాబట్టి అందులో దాపరికం లేదు. 1937లో ఏర్పడ్డ అమెరికా బ్రిడ్జి సమాఖ్య పాయింట్లకి రంగులు పెట్టింది, క్లబ్బులో వచ్చినవి నలుపు, పోటీల స్థాయిని బట్టి వెండి, ఎరుపు, బంగారం. మొత్తం ఒక్కటే, అయినా క్లబ్బులో నల్లవి ఎన్ని వేలు పోగేసినా బంగారు రంగువి లేకుండా లైఫ్ మాస్టర్ అనే బిరుదు రాదు. మీరూ రెండు కాలమ్స్ పెట్టి మొత్తం కూడండి, ఏది ఎక్కడిదో కనబడుతూ ఉండాలి. మరీ ముఖ్యంగా, రూలు ఏడాది మొదట్లో గోడ మీద అంటించండి. ఈ ఏడాది ఆట సగం అయిపోయింది కాబట్టి ఇప్పుడు మారుస్తామంటే నేను ఆదివారం వాళ్ల పక్షమే.

ప్రశ్న: మా క్లబ్బు వార్షికోత్సవానికి ఒకే 24 బోర్డులు హాల్లో ఆరు టేబుళ్లమీద, ఆన్‌లైన్‌లో తొమ్మిది టేబుళ్లమీద ఒకే సమయంలో ఆడించి, అందరినీ ఒకే ర్యాంకింగ్‌లో పెడదామనుకుంటున్నాం. ఇదీ తప్పేనా? (ఉక్కునగరం నుంచి ఒక సభ్యురాలు)

జవాబు: తప్పు కాదమ్మా, పై ఉత్తరంలో ఉన్న పద్ధతికంటే చాలా నయం. అక్కడ వేరే ముక్కలు, వేరే రోజు, ఇక్కడ అందరికీ అవే ముక్కలు. పోల్చడానికి ఎక్కువ టేబుళ్లుంటే ఒక్కరి అదృష్టమో దురదృష్టమో మీ స్కోరును అంతగా ఊపదు. అయితే ఏం జరుగుతుందో ఒక్క బోర్డు తీసుకుని చూడండి, లేకపోతే ఆ రాత్రి ఫలితాలు చూసి హాలువాళ్లు మీ మీద పడతారు.

మీరు ఓడించిన ఒక్కో జంటకీ మీకు 2, సమానమైతే 1. నాలుగు ఇస్పేట్లు సరిగ్గా చేస్తే 420, మూడు నోట్రంప్‌లో ఒక పట్టు ఎక్కువ చేస్తే 430 అని మీకు తెలిసిందే. హాల్లో ఐదు టేబుళ్లు 420, ఒక్కరే 430 అనుకోండి. హాలు వరకే లెక్కేస్తే ఆ ఒక్కరికి 10కి 10, మిగతావాళ్లకి తలా 4, అంటే 40 శాతం. ఆన్‌లైన్‌లో ఏడు టేబుళ్లు 430, రెండు 420. అక్కడ 430 వాళ్లకి 16కి 10, అంటే 62.5. ఇప్పుడు కలపండి, 15 టేబుళ్లు, గరిష్ఠం 28. 430 చేసిన ఎనిమిది జంటలకీ 21, అంటే 75 శాతం. 420 చేసినవాళ్లకి 6, అంటే 21 శాతం చిల్లర. హాల్లో అందరికంటే తెలివిగా ఆడిన జంట 100 నుంచి 75కి దిగింది, మిగతా ఐదూ 40 నుంచి 21కి పడ్డాయి, ఆన్‌లైన్ వాళ్లు ఏమీ చేయకుండా పైకి లేచారు. ఇందులో అన్యాయం లేదు, నోట్రంప్ మేలని ఎక్కువమంది కనిపెట్టారంతే. కానీ హాల్లో కూర్చున్నవాళ్లకి తమకి కనబడని ఏడు టేబుళ్ల చేతిలో ఓడినట్టుంటుంది. అందుకని రెండు పర్సంటేజీలూ అచ్చు వేయండి, గదిది, మొత్తానిది. ర్యాంకింగ్ మొత్తం మీద ఇవ్వండి, బహుమతులు గదికొకటి ఇవ్వండి.

ఒకే సమయం అన్నారు కదా, అది మాత్రం గట్టిగా పట్టుకోండి. ఆన్‌లైన్ ఆట సాధారణంగా తొందరగా నడుస్తుంది, అక్కడ అందరూ ఒకే బోర్డు ఒకేసారి ఆడేలా పెట్టొచ్చు, హాల్లో ఒక్కో టేబుల్ మీద ఒక్కో బోర్డు ఉంటుంది. అక్కడ 24 అయిపోయేసరికి ఇక్కడ ఇంకా నాలుగు మిగిలి ఉంటాయి, మధ్యలో బజ్జీల బ్రేకు. ఆ బ్రేకులో ఎవరో వాట్సాప్ తెరిచి "19వ బోర్డులో ఏంటి బావా, స్లామ్ ఉందా" అంటే మీ వార్షికోత్సవం అక్కడితో సరి. ఆఖరి ముక్క పడేదాకా హాల్లో ఫోన్లు ఒక బుట్టలో, ఆన్‌లైన్‌లో ఫలితాలు దాచిపెట్టే సెట్టింగు. మరో మాట, మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తారో ముందే రాసుకోండి. ఆడలేకపోయిన బోర్డుకి తప్పు లేని జంటకి 60 శాతం, కొంత తప్పుంటే 50, పూర్తిగా వాళ్లదే తప్పయితే 40 అని నిబంధనల్లో ఉంది. వాన పడి వీధంతా కరెంటు పోయినవాడిది తప్పు కాదు. చార్జింగ్ పెట్టుకోకుండా కూర్చున్నవాడి మీద నాకు జాలి లేదు, 40 ఇచ్చేయండి.

ప్రశ్న: మేం భార్యాభర్తలం, ఆన్‌లైన్‌లో పార్ట్‌నర్లుగా ఒకే ఇంట్లోంచి ఆడతాం. గెలిచినప్పుడల్లా గ్రూపులో నవ్వుతున్న ఎమోజీలు పెడుతున్నారు. ఓడిన రోజు ఎవరూ ఏమీ అనరు. ఏం చేయాలి? (ఎంవీపీ కాలనీ నుంచి)

జవాబు: వేరే గదుల్లో కూర్చోండి, తలుపులు వేసుకోండి, ఇద్దరి కెమెరాలూ ఆన్ చేయండి. 2020లో వచ్చిన రియల్‌బ్రిడ్జ్ లాంటి చోట ముఖాలు కనబడతాయి, మాటలు వినబడతాయి, అక్కడ ఆడమని క్లబ్బును అడగండి. నిజాయితీ దీంతో రుజువైపోదు, అనుమానపడేవాడికి ఆధారం మాత్రం ఉండదు. దీనికంటే మేలైన పని ఇంకోటుంది, నెలకోసారి పార్ట్‌నర్లను మార్చుకుని ఆడండి. అప్పుడూ మీ స్కోర్లు బాగుంటే ఎమోజీలు వాటంతటవే ఆగుతాయి. పైగా ఇంట్లో ఆ రాత్రి "ఆ డబుల్ ఎందుకు చెప్పావు" అన్న విచారణ ఉండదు, కాపురానికీ మంచిది.

ప్రశ్న: ఆన్‌లైన్ ఆటకి మనిషికి వంద రూపాయలు ఎంట్రీ పెట్టి గెలిచినవాళ్లకి నగదు ఇద్దామని కమిటీ అంటోంది. పేక క్లబ్బు హాల్లో తప్పు కాదని సుప్రీంకోర్టే చెప్పిందట కదా, ఇదీ అంతే కదా? (గాజువాక నుంచి)

జవాబు: అంతే కాదండి. మీరు చెప్పేది 1967 నాటి తీర్పు, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసు. రమ్మీలో నైపుణ్యం ఉందని చెబుతూ, అందులో అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండేలాంటిదేనని కోర్టు అంది. అది ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆట సంగతి. మన రాష్ట్రం 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం తెచ్చింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం ఇంకా సూటిగా ఉంది, నైపుణ్యమా అదృష్టమా అన్నది చూడదు, ఫీజు కట్టి తిరిగి డబ్బు వస్తుందన్న ఆశతో ఆన్‌లైన్‌లో ఆడితే చాలు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ స్వర్ణం తెచ్చిన ఆట కదా అని వాదించడం మీటింగులో బాగుంటుంది, పోలీస్ స్టేషన్లో కాదు. నగదు ఆలోచన మానేయండి. ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌కి ఖర్చయితే ఏడాది చందాలోంచి పెట్టుకోండి, ఎంట్రీ ఫీజు అంటూ విడిగా వసూలు చేయాలనుకుంటే మాత్రం ఒక్క రూపాయి తీసుకునే ముందు ఆ కాగితం లాయరుకి చూపించండి. విశాఖ క్లబ్బుల్లో బ్రిడ్జి ఆడే లాయర్లకి కరువు లేదు కాబట్టి ఆ ఫీజు కూడా మిగులుతుంది.